చిక్కడపల్లిలో పోయిన కళ ఏది, మిగిలినది ఏది

హైదరాబాద్‌లోని ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి ప్రాంతానికి పాత కళ పోయిందన్న మాట నిజమేనా అనీ, ఒక సాయంత్రం తిరిగి చూడాలంటే ఎటు నుంచి ఎటు నడవాలనీ అడిగారు. 1980ల చివర్లో డిగ్రీ చదువు కోసం వచ్చి అశోక్‌నగర్‌లో గది అద్దెకు తీసుకున్నప్పటి నుంచి ఈ వీధులు నాకు తెలుసు. ఇప్పటికీ వీలు చిక్కినప్పుడల్లా అక్కడికి వెళ్ళి నడుస్తుంటాను కనుక రెండింటికీ కలిపే జవాబు చెబుతాను. నా ఉద్దేశంలో తగ్గింది సినిమా హాళ్ల కళ మాత్రమే. ఈ పేటలకు అంతకు ముందు నుంచీ ఉన్న చదువుల కళ తగ్గకపోగా, ఇప్పుడు సందుల్లో పట్టనంతగా పెరిగింది.

నడక నారాయణగూడలో మొదలుపెట్టడం మంచిది. ఉర్దూ బోధనాభాషగా ఉన్న నిజాం రాజ్యంలో ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పడానికి మాడపాటి హనుమంతరావు గారు 1928లో పూనుకొని నెలకొల్పిన పాఠశాల ఇక్కడిదే. అక్కడి నుంచి చిక్కడపల్లి వైపు నడుస్తుంటే దారి పొడవునా తలమీద మెట్రో వంతెన ఉంటుంది. జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ వరకు 11 కిలోమీటర్ల ఈ మార్గం 2020 ఫిబ్రవరిలో మొదలైంది. దీనివల్ల ప్రయాణం సులువైందనడంలో సందేహం లేదు. అయితే మా రోజుల్లో మేడ మీది బాల్కనీలో నిలబడి ఎదుటి మేడవారితో మాట్లాడుకునే వీధి ఇది. ఇప్పుడు ఆ బాల్కనీల కంటికి ఆనేది కాంక్రీటు దూలమే.

చిక్కడపల్లిలో తీరిగ్గా చూడవలసింది నగర కేంద్ర గ్రంథాలయం. మేము పత్రికలు చదవడానికి వెళ్ళేవాళ్ళం. వారపత్రిక చేతికి రావాలంటే ముందున్న పెద్దాయన సీరియల్ పూర్తి చేసేదాకా ఆగవలసి వచ్చేది. ఇప్పుడు ఆ ఆవరణలో చెట్ల కింద, మెట్ల మీద, గోడల వెంట పోటీ పరీక్షల అభ్యర్థులే కనిపిస్తారు. కుర్చీ దొరకదన్న భయంతో పొద్దున్నే వచ్చి సంచీ పెట్టి చోటు పట్టుకునేవారు కొందరైతే, ఇంటి నుంచే కుర్చీ తెచ్చుకునేవారు మరికొందరు. వీరిలో చాలామంది వెనక ఒక పెద్ద నిరీక్షణ కథ ఉంది. తెలంగాణ ఏర్పడిన తరువాత తొలి గ్రూప్-1 ప్రకటన 503 పోస్టులకు 2022లో వెలువడింది. ప్రిలిమినరీ పరీక్ష ఒకసారి ప్రశ్నపత్రాల లీకేజీ వల్ల, మరొకసారి హైకోర్టు తీర్పు వల్ల రద్దయింది. చివరకు 2024లో 563 పోస్టులకు కొత్త ప్రకటన ఇచ్చారు. ఏడాదిలో తేల్చుకొని ఊరికి వెళ్ళిపోదామని వచ్చిన పిల్లలు అశోక్‌నగర్ హాస్టళ్లలో ఏళ్ల తరబడి ఉండిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. మా ఇంటి యజమానురాలు పిన్నిగారు పెరట్లో బట్టలారేసుకున్న స్థలంలో నేడు నాలుగంతస్తుల హాస్టల్ ఉంది, దాని కింద జిరాక్స్ సెంటరు, పక్కన డబ్బు కట్టి కూర్చునే స్టడీ హాలు ఉన్నాయి. పాత ఇల్లు పోయిందని నాకు బాధగానే ఉంటుంది కానీ, మాలాంటి వారికి గది ఇచ్చిన వీధి ఇప్పుడు మరింత మందికి ఇస్తున్నదని కూడా ఒప్పుకోవాలి. అద్దెల సంగతి వేరే చెప్పాలి.

గ్రంథాలయానికి దగ్గరలోనే త్యాగరాయ గానసభ ఉంది. కచేరీలు, నాటకాలు, అవధానాలు, పుస్తకావిష్కరణలు ఇప్పటికీ జరుగుతూనే ఉన్నాయి. ప్రేక్షకుల సగటు వయసు మాత్రం పెరిగింది. బయట చదువుకుంటున్న పిల్లలు లోపలికి ఎందుకు రారన్నది నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు.

క్రాస్‌రోడ్స్ విషయానికి వస్తే, పోయిందని జనం అనుకునే కళ ఇదే. సుదర్శన్ 70 ఎంఎం లేదు, పాత ఓడియన్ హాళ్లు ఉన్న స్థలంలో మాల్ లేచింది. సంధ్య, దేవి, సుదర్శన్ 35 ఎంఎం మిగిలాయి. పెద్ద హీరో చిత్రం విడుదలైతే ఈ హాళ్ల వసూళ్లను ఇప్పటికీ విడిగా లెక్కగట్టి అభిమానులు పందేలు వేసుకుంటారు. కానీ ఆ సందడి మొదటి వారంతో సరి. ఒకప్పుడు టికెట్టు దొరకనివాళ్లు సైతం ఇరానీ హోటల్లో చాయ్‌ని ఇద్దరు పంచుకుంటూ, రెండో ఆట వదిలేదాకా చౌరస్తాలోనే గడిపేవారు. ఇప్పుడు ఆగడానికి చోటే లేదు. పైన మెట్రో, దానికీ పైన ఇందిరాపార్కు నుంచి వీఎస్టీ వరకు వెళ్ళే ఉక్కు వంతెన ఉన్నాయి. కార్మిక నాయకుడు, తెలంగాణ తొలి హోంమంత్రి నాయిని నర్సింహారెడ్డి పేరుతో దానిని 2023 ఆగస్టులో ప్రారంభించారు. బండి మీద వెళ్ళేటప్పుడు ఆ వంతెనను నేనూ మెచ్చుకుంటాను. నడిచి వెళ్ళినప్పుడు మాత్రం చౌరస్తాకు గొడుగు పట్టినట్లు ఉంటుంది, దూరం నుంచే కనిపించే కటౌట్ల కాలం ఆ గొడుగుతోనే ముగిసింది. ఒక్క హాలు మూతపడినందుకు కాక, నా మటుకు నేను ఆకాశం కనిపించకుండా పోయినందుకే ఎక్కువ విచారిస్తాను.

అక్కడి నుంచి బాగ్‌లింగంపల్లికి మళ్ళి సుందరయ్య విజ్ఞాన కేంద్రం తప్పక చూడండి. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య పేరు మీద వెలసిన ఈ కేంద్రంలో అరుదైన ఉర్దూ గ్రంథాలు, పత్రికల సేకరణ ఉండేది. హుస్సేన్‌సాగర్ అలుగు నీరు మూసీకి చేరే నాలా ఈ పేటల గుండానే పోతుంది. 2000 ఆగస్టు 24న ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు నీరు లోపలికి చొరబడి ఆ సేకరణకు చాలా నష్టం చేసింది. అశోక్‌నగర్, దోమలగూడలలో నాలాను ఆనుకుని ఉన్న సందుల్లో ఇంటి గడపలు ఇప్పటికీ ఎత్తుగా ఉండటానికి ఇటువంటి వరదల అనుభవమే కారణం.

పని దినం సాయంత్రం నాలుగు గంటలకు బయలుదేరితే గ్రంథాలయమూ చూడవచ్చు, సెలవుల్లో హాళ్ల దగ్గర ఉండే రద్దీనీ తప్పించుకోవచ్చు. రాత్రి భోజనానికి అందరూ క్రాస్‌రోడ్స్ బిర్యానీ అంటారు. నన్నడిగితే వెనక్కి వచ్చి అశోక్‌నగర్ సందులో పిల్లలు తినే మెస్‌లో ముద్దపప్పు, ఆవకాయ తినండి, పక్క బల్ల మీద కరెంట్ అఫైర్స్ చర్చ ఉచితం.