ఏపీఎల్ మ్యాచ్ టీవీలో చూస్తే చాలదా, విశాఖలో పీఎం పాలెం స్టేడియం దాకా వెళ్ళాలా?

వెళ్ళండి. ఆట టీవీలోనే బాగా కనిపిస్తుంది, కాదనను. కానీ ఆంధ్ర ప్రీమియర్ లీగ్‌కి వెళ్ళేది ఆట ఒక్కదాని కోసమే కాదు.

ఓ సాయంత్రం ఆ మధురవాడ స్టేడియంలోనే నా పక్క సీట్లో ఒకాయన కూర్చున్నాడు. స్టీల్‌ప్లాంట్‌లో ఉదయం షిఫ్టు దిగి అటు నుంచి అటే వచ్చేశాడట, యూనిఫాం కూడా మార్చలేదు. మ్యాచ్ సగం వరకూ నోరు విప్పలేదు. చివర్లో ఒక కుర్రాడు బౌలింగ్‌కి రాగానే లేచి నిలబడ్డాడు. రెండో బంతికే సిక్స్. "స్లో బాల్ వెయ్యమని పొద్దున్న కూడా చెప్పేనండి, వినడు" అని నాతో మొరపెట్టుకున్నాడు. మీవాడా అంటే, "మా అక్క కొడుకు" అన్నాడు. తర్వాతి బంతి నిజంగానే స్లోగా పడింది, లాంగాఫ్‌లో క్యాచ్. మేమంతా అరుస్తున్నాం, ఈయన మాత్రం చప్పట్లు కొట్టకుండా ఫోన్ తీశాడు. "అక్కా, దేవుడి గదిలోంచి బయటికి రా, వికెట్ పడింది!" టెన్షన్ తట్టుకోలేక ఆవిడ టీవీ కట్టేసిందట.

ఇది ఐపీఎల్‌లో దొరకదు. అక్కడ కుర్రాళ్ళు అప్పటికే స్టార్లు. ఇక్కడ నాలుగు ఓవర్లు బాగా వేస్తే రాష్ట్ర జట్లు ఆడే ముస్తాక్ అలీ టీ20 ట్రోఫీకి ఆంధ్ర జట్టులో చోటు దొరుకుతుందేమోనని ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తుంటారు. మన గాజువాక నితీశ్ కుమార్ రెడ్డి కూడా ఈ లీగ్ ఆడినవాడే. 2024లో గోదావరి టైటాన్స్ జట్టు అతన్ని 15.6 లక్షలకు కొంది. అదే ఏడాది డిసెంబరులో మెల్‌బోర్న్‌లో టెస్టు సెంచరీ కొట్టాడు.

నా కడుపుమంటల్లా జట్ల పేర్ల మీదే. 2022లో ఆరు జట్లతో మొదలుపెట్టారు. వైజాగ్ వారియర్స్ మనదే కదా అని అభిమానం పెంచుకున్నాం. 2024లో కప్పు కూడా కొట్టింది. 2025కి చూస్తే జట్లు ఏడయ్యాయి, మన వారియర్స్ మాత్రం మాయం! సింహాద్రి వైజాగ్ లయన్స్ అట. వారియర్స్ పేరేమో తుంగభద్ర జట్టుకు పోయింది, ఆ ఏడాది కప్పు కూడా వాళ్ళకే పోయింది. ఇలాగైతే పిల్లాడికి ఏ జెర్సీ కొనమంటారు? పదేళ్ళు ఒకే పేరు ఉంచి చూడమనండి, స్టేడియం నిండకపోతే నన్నడగండి.

ఇంకోటి, బంతికీ బంతికీ మధ్య ఆ డీజే మోత. కీపర్ "లోపలికెయ్‌రా, లోపలికి" అని అరవడం వినబడాలంటే స్పీకర్లకు దూరంగా, సైట్‌స్క్రీన్ పక్కన కూర్చోండి. ఆగస్టులో పెడితే వాన ఎలాగూ వస్తుంది, రెయిన్‌కోటు పట్టుకెళ్ళండి. మద్దిలపాలెం వైపు పోవాల్సినవాళ్ళు తిరుగు ఆటో ముందే మాట్లాడుకోండి. ఆట అయ్యాక అడిగితే వాళ్ళు చెప్పిందే రేటు.