ప్లాటు అమ్మే ముందు ఫీజు రాయితీ అడగండి

ప్రశ్న: మాది వరంగల్. ఎనుమాముల మార్కెట్లో అడ్తి (రైతుల పంట అమ్మిపెట్టే కమీషన్) దుకాణం ఉంది. మా బిడ్డ ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. ఇంజినీరింగ్ వద్దంటోంది, హర్యానాలోని అశోకా యూనివర్సిటీలో నాలుగేళ్ల లిబరల్ ఆర్ట్స్ డిగ్రీ చదువుతానంటోంది. బ్యాంకులో 9 లక్షలున్నాయి. మడికొండ వైపు 200 గజాల ప్లాటు ఉంది. అది అమ్మాలా?

జవాబు: అమ్మకండి, ఇప్పుడే కాదు.

ముందు ఒక మాట. మీ బిడ్డ అడుగుతున్నది తక్కువ చదువేమీ కాదు. ఎకనామిక్స్‌తో పాటు చరిత్ర, కంప్యూటర్ సైన్స్ కూడా చదవొచ్చు. ఆలోచించడం, రాయడం గట్టిగా నేర్పుతారు. ఇంజినీరింగ్‌లోకి బలవంతంగా తోస్తే ఆ నాలుగేళ్ల ఫీజు కూడా ఖర్చే కదా.

టెన్షన్ అంతా డబ్బు దగ్గరే. ఆ యూనివర్సిటీ కుటుంబ ఆర్థిక స్థితిని బట్టి ఫీజులో కొంత, కొందరికి మొత్తం తగ్గిస్తుంది. బెంగళూరులోని అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీలోనూ ఇలాంటి సాయం ఉంది. ఆదాయం కాగితాల మీద కనిపించాలి కాబట్టి ఐటీ రిటర్నులు బాకీ ఉంటే ఇప్పుడే వేయించండి. దరఖాస్తుతో పాటే సాయం అడగమనండి.

ఇక బ్యాంకు చదువు అప్పు. ఏటా రెండున్నర లక్షల చొప్పున 10 లక్షలు, 10 శాతం వడ్డీకి తీసుకున్నారనుకుందాం. చదువుతున్నప్పుడు, ఆపై ఏడాది వాయిదా కట్టక్కర్లేదు, కానీ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. చివరికి బాకీ 13.5 లక్షలవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 17,800. వాయిదా జీతంలో మూడో వంతు దాటొద్దంటాను నేను. అంటే చేతికి 54 వేలు రావాలి. మొదటి ఉద్యోగంలోనే అంత వస్తుందని నమ్ముకుని మీ బిడ్డ మీద ఆ బరువు పెట్టలేను. అప్పు 5 లక్షల దగ్గర ఆపండి. (పాత పన్ను విధానంలో ఉంటే ఈ వడ్డీకి ఆదాయపు పన్నులో మినహాయింపు వస్తుంది.)

మీ 9 లక్షల్లో 4 లక్షలు కదపొద్దు. పత్తి సీజన్లో దుకాణంలో డబ్బు తిరగాలి. చిట్టీ ముందే పాడి ఫీజు కట్టడం అసలే వద్దు, పాటలో పోయేది చాలా ఎక్కువ.

అంటే మీవి 5, అప్పు 5. రాయితీ పోను, హాస్టల్‌తో కలిపి నాలుగేళ్లకు 10 లక్షల లోపు అయితే పంపండి. మించితే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఉంది. ఖర్చు చాలా తక్కువ, ఊరికి దగ్గర. దానికి సీయూఈటీ (సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాయాలి. ఆ దరఖాస్తు కూడా ఈ ఏడాదే పెట్టించండి.