పందెం దారి గీసేముందు: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

సత్యనారాయణపురం నుంచి మావయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వు పంపిన రూట్ మ్యాప్ రాత్రి భోజనాలయ్యాక ముందేసుకుని కూర్చున్నాను. మీ ఆరుగురూ కంప్యూటర్ మీద విమానం నడిపే సిమ్యులేటర్‌లో, ఒకరి తర్వాత ఒకరు, గన్నవరం నుంచి మెల్‌బోర్న్ దాకా రిలే పందెం వేస్తున్నారంటే చాలా సంతోషంగా ఉంది. మ్యాప్ మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టాను, కానీ అవి ఎందుకు పెట్టానో ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు. అందుకే రాస్తున్నాను.

ముందు ఒక పని చెయ్యి. మీ ఇంట్లో పాత స్కూల్ గ్లోబు ఉండాలి. దాని మీద దారం లాగి చూడు. హైదరాబాద్ నుంచి షికాగోకి బిగించి పట్టుకుంటే, దారం అరేబియా, ఐరోపాల వైపు పోదు, రష్యా దాటి ఉత్తరధ్రువం దగ్గరగా పోతుంది. గోళం మీద దగ్గర దారి అదే. చదునైన మ్యాప్ మీద నువ్వు స్కేలు పెట్టి గీసిన గీత నిజానికి తిన్నని గీత కాదు. అయితే మీ దారి భూమధ్యరేఖను దాటి కిందికి దిగేది కాబట్టి ఈ తేడా మీకు మరీ పెద్దగా ఉండదు. గన్నవరం నుంచి మెల్‌బోర్న్‌కి సుమారు 4,850 నాటికల్ మైళ్లు. మీ రెండు ప్రొపెల్లర్ల చిన్న విమానం కింగ్ ఎయిర్ 350కి ఎన్ని మజిలీలు కావాలన్నదే అసలు ప్రశ్న.

నువ్వు మొదటి మజిలీ నేరుగా సింగపూర్ పెట్టావు, 1,640 మైళ్లు. ఆగడం ఒకటి తగ్గుతుందని నీ లెక్క. నేను మధ్యలో పోర్ట్ బ్లెయిర్ పెట్టాను. గ్లోబు మీద దారం పక్కనే ఉంటుంది చూడు: అటు తిరిగినందుకు పెరిగేది ఇరవై మైళ్లకు అటూ ఇటూ, అంతే. దానికి బదులు నీకు ఏం దొరుకుతుందంటే, గాలి.

ఇది కొంచెం వివరంగా చెప్పాలి, మన ఆకాశం సంగతి కదా. సాధారణంగా ఎంత పైకి పోతే అంత లాభం అంటారు, పైన గాలి పలచన, మిషన్ వేగంగా పోతుంది. కానీ వర్షాకాలంలో మన నెత్తిన రెండు గాలులుంటాయి. కింద, 5,000 అడుగుల ప్రాంతంలో నైరుతి గాలి బంగాళాఖాతం వైపు తోస్తుంది. బాగా పైన మాత్రం తూర్పు నుంచి పడమరకి ఎదురు ప్రవాహం. ఈ తూర్పు జెట్ ప్రవాహాన్ని 1958లో ప్రపంచానికి చూపించినది మన వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్‌గా చేసిన పి. కోటేశ్వరం గారు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇప్పుడు మీ పందెం జులైలో. పైన మీ విమానం 300 నాట్లు, అంటే గంటకి 300 నాటికల్ మైళ్లు, పోతుందనుకో, ఎదురుగాలి 30 తీసేస్తే 270. కింద 9,000 అడుగుల్లో 260 పోతుందనుకో, వెనకగాలి 25 కలిస్తే 285. కిందే మేలు. కాకపోతే కింద ఇంధనం ఎక్కువ తాగుతుంది, ఒక్క గుక్కలో సింగపూర్ దాకా రాదు. అందుకే పోర్ట్ బ్లెయిర్. నేను రాసిన అంకెలే పట్టుకుని కూర్చోకు, బయలుదేరే రోజు గాలి, దారులు గీసే ప్రోగ్రాం లిటిల్ నావ్‌మ్యాప్‌లో చూసి లెక్క మళ్లీ వెయ్యి. ఒక్కోసారి దూరపు దారే తొందరగా చేరుస్తుంది. 2016లో ఎయిరిండియా ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి అట్లాంటిక్ దారి మానేసి పసిఫిక్ మీదుగా తిప్పింది. దూరం పెరిగింది, వెనకగాలి వల్ల సమయం తగ్గింది.

పోర్ట్ బ్లెయిర్ రన్‌వేకి ఒక చివర కొండ ఉంది. దిగే కుర్రాడు పందేనికి ముందే నాలుగుసార్లు అక్కడ దిగి చూసుకోవాలి.

గాలి సంగతి ఇంత రాశాను గానీ, నా మనసులో ఉన్న అసలు మాట వేరే. పందెం పోయేది గాలిలో కాదు, బ్యాటన్ చేతులు మారే చోట, అంటే ఒకరు దిగాక ఇంకొకరు ఎగరడం మొదలుపెట్టే చోట.

విజయవాడ రైల్వే కంట్రోల్ ఆఫీసులో నేను పనిచేసినన్నాళ్లూ ముందు పెద్ద చార్ట్ ఉండేది. అడ్డంగా గంటలు, నిలువుగా స్టేషన్లు. బండి నడిస్తే గీత వాలుగా పోతుంది, ఆగితే అడ్డంగా పడుకుంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు వాలు గీతలే చూసేవాళ్లు. పాతవాళ్ల కళ్లు పడుకున్న గీతల మీదే ఉండేవి. మీ పందేనికి కూడా అలాంటి చార్ట్ ఒకటి గీయి. స్టేషన్ల బదులు ఎయిర్‌పోర్టులు, గంటలు జులూ టైంలో, అంటే విమానాలవాళ్లు అన్ని దేశాల్లోనూ వాడే టైం, మన టైంకి అయిదున్నర గంటలు వెనక. మూడు చోట్ల పన్నెండేసి నిమిషాలు ఆగారనుకో, మొత్తం 36 నిమిషాలు. 260 నాట్ల మీద అది 156 మైళ్లు, గన్నవరం నుంచి విశాఖ ఎంత దూరమో అంత. గాలి కోసం అంత తపన పడి సంపాదించింది అక్కడే కూర్చుని పోగొట్టుకుంటారు.

పోయినేడు జులైలో నాకు జరిగింది చెబుతాను. మా సిమ్యులేటర్ రిలేలో నాది గన్నవరం నుంచి యాంగోన్ మజిలీ, 880 మైళ్లు. మూడు గంటల ఇరవై నిమిషాలకు పైగా పడుతుందని లెక్క వేసి, తర్వాతి కుర్రాడికి రాత్రి రెండున్నరకి సిద్ధంగా ఉండమని చెప్పాను. వెనకగాలి బాగా తోసింది. రెండు దాటి అయిదు నిమిషాలకే దిగిపోయాను. రన్‌వే పక్కన విమానం ఆపి, ప్రొపెల్లర్లు ఆగిపోతుంటే చూస్తూ, ఫోన్ మోగిస్తూ కూర్చున్నాను. పాపం అతను అలారం రెండుంబావుకి పెట్టుకుని నిద్రపోతున్నాడు. తప్పు అతనిది కాదు. ముందే చేరుతున్నానని దారిలో ఒక్క కబురు పెట్టి ఉండాల్సింది నేను. గాలి ఇచ్చిన ఇరవై నిమిషాలూ నేల మీద పోయాయి.

మా రైల్వేలో కాల్ బాయ్ అని ఒకడుండేవాడు. డ్రైవర్ల, గార్డుల ఇళ్లకి రాత్రిపూట లాంతరు పట్టుకెళ్లి తలుపు తట్టి లేపి, రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుని మరీ వచ్చేవాడు. లేచాను అంటే ఒప్పుకునేవాడు కాదు, సంతకం కావాలి. మీ జట్టులో ప్రతి మజిలీకి ఒకణ్ణి కాల్ బాయ్‌గా పెట్టు. ఆ పూట విమానం నడపనివాడే ఆ పని చెయ్యాలి. నడిపేవాడు సగం దూరంలో ఒకసారి, కిందికి దిగడం మొదలుపెట్టేముందు ఒకసారి చేరే టైం చెప్పాలి. తర్వాతివాడు అప్పటికే అదే ఎయిర్‌పోర్టులో సిమ్యులేటర్ తెరుచుకుని, దారి ఎక్కించుకుని, ఇంధనం నింపుకుని కూర్చోవాలి.

ఎవరికి ఏ మజిలీ అన్నది కూడా నువ్వు ప్రేమకొద్దీ పంచావు. గన్నవరం మనది కాబట్టి నువ్వే లేపాలని ఉంటుంది, నాకు తెలుసు. కానీ మనకి రాత్రి రెండయితే డాలస్ కుర్రాడికి ముందురోజు మధ్యాహ్నం మూడున్నర, మెల్‌బోర్న్ అమ్మాయికి పొద్దున్న ఆరున్నర. మన అర్ధరాత్రి మజిలీలు వాళ్లకి ఇవ్వు. విమానం ఎక్కడుందో దానితో పనిలేదు, మనిషి మెలకువగా ఉన్నాడా లేదా చూడు.

ప్రతి మజిలీకి, అక్కడ దిగలేకపోతే పోవడానికి, పక్కన ఇంకో రన్‌వే రాసుకోండి, అక్కడికి పోయాక కూడా ముప్పావుగంట ఇంధనం మిగలాలి. 1934లో లండన్ నుంచి మెల్‌బోర్న్‌కి నిజం విమానాల పందెం జరిగింది, తప్పనిసరి మజిలీల్లో మన అలహాబాద్ ఒకటి. అందులో డచ్చివాళ్ల డిసి-2 విమానం చివరి రాత్రి తుఫానులో దారి తప్పి ఆస్ట్రేలియాలో ఆల్బరీ ఊరి మీద తిరుగుతుంటే, ఊళ్లోవాళ్లు కార్లు తెచ్చి గుర్రప్పందేల మైదానం చుట్టూ నిలబెట్టి లైట్లు వేశారు. ఆ వెలుగులో దిగారు. పొద్దున్నే జనం బురదలోంచి లాగితే లేచి, రెండో స్థానంలో చేరారు. సిమ్యులేటర్‌లో కారు లైట్లు వేసేవాళ్లు ఎవరూ ఉండరు. రాత్రి చేరే చోట రన్‌వేకి లైట్లున్నాయో లేదో ముందే చూడండి.

ఇక కిందికి దిగడం ఎక్కడ మొదలుపెట్టాలంటే, ఎత్తు వేలల్లో ఎంతో దానికి మూడు రెట్లు మైళ్లు. 9,000 అడుగులైతే 27 మైళ్ల ముందు. ఇది నీకు తెలిసిందే.

గుంటూరులో కరెంటు ఎలా పోతుందో నేను చెప్పక్కర్లేదు. కంప్యూటర్‌కీ రూటర్‌కీ కలిపి యూపీఎస్ పెట్టించు, ఒక్కదానికే పెడితే లాభం లేదు. పందెం ముందురోజు అప్‌డేట్లు అన్నీ వేసేసి, ఆ రోజుకి ఆపెయ్యి.

శనివారం చార్ట్ గీసుకుని రా, పెద్ద కాగితం మీద. సింగపూర్ తర్వాత డార్విన్ దాకా నువ్వు గీసిన దారి మీద నాకు ఇంకా రెండు అనుమానాలున్నాయి, కూర్చుని చూద్దాం. అత్తయ్య నీకోసం గోంగూర పచ్చడి పెట్టింది, సీసా ఒకటి తెచ్చుకో. అమ్మని అడిగానని చెప్పు.

మీ మావయ్య