చదివిన సిద్ధాంతం ఆఫీసులో ఎక్కడ పనికొస్తుంది?

కమ్యూనికేషన్‌లో పీజీ చేసినా మీ మెయిళ్లకు సహోద్యోగులు నొచ్చుకుంటున్నారనీ, చదువంతా వృథా అనిపిస్తోందనీ రాశారు. వృథా కాదండీ, మీ సమస్యకు మందు ఆ పాఠాల్లోనే ఉంది.

నిర్వహణ శాస్త్ర పరిశోధకులు రిచర్డ్ డాఫ్ట్, రాబర్ట్ లెంగెల్ 1980లలో ప్రతిపాదించిన మాధ్యమ సంపన్నతా సిద్ధాంతం మీరు చదివే ఉంటారు: విషయం ఎంత చిక్కుదైతే, గొంతూ ముఖకవళికలూ కూడా అందించే మాధ్యమం అంత అవసరమని దాని సారం. సమావేశం వేళ మారిందని చెప్పడానికి మెయిల్ చాలు. నివేదికలో లోపాలున్నాయని చెప్పాలంటే మాత్రం ఎదురుగా కూర్చోవాలి, కుదరకపోతే ఫోను చేయాలి. అవతలివారి గొంతు తగ్గడం మెయిల్లో వినిపించదు, మాట సవరించుకునే వీలూ ఉండదు.

నా దృష్టిలో అంతకన్నా కీలకమైనది సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1955లో చర్చించిన విషయం: నలుగురిలో పరువు నిలుపుకోవాలనే తపన. సహోద్యోగికి రాశానని మీరు ఉదహరించిన వాక్యమే చూడండి: “మీరు ఇంకా లెక్కలు పంపలేదు.” పైగా దాని నకలు మేనేజరుకూ వెళ్లింది. దెబ్బ తగిలింది అక్కడే. “లెక్కలు అందితే సాయంత్రానికి నివేదిక పూర్తి చేస్తాను, మీకు ఎప్పటికి వీలవుతుంది?” అని ఆయన ఒక్కరికే రాయండి. అడిగిన పని అదే, నింద మాత్రం లేదు.

అయితే ఈసారికి మెయిల్ పక్కన పెట్టి, ముందు ఆయనతో నేరుగా మాట్లాడండి. మేనేజరుకు నకలు పంపినందుకు నొచ్చుకున్నారేమో మీరే అడగండి.