టెక్ సందేహాలు: పాత బెంగాలీ సినిమాకు వికీపీడియాలో చోటు దక్కాలంటే?

ప్రశ్న: మాది ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన రైల్వే కుటుంబం. బెంగాలీ చదవడం, రాయడం వచ్చు. 1950ల్లో వచ్చిన ఒక బెంగాలీ సినిమా మీద ఇంగ్లీషు వికీపీడియాలో పేజీ రాశాను. మొన్న దాన్ని తొలగించాలని ఎవరో చర్చ పెట్టారు. ‘నోటబిలిటీ లేదు, గూగుల్‌లో ఏమీ దొరకలేదు’ అన్నది కారణం. నేను ఐఎండీబీ (సినిమాల వివరాలుండే వెబ్‌సైట్) పేజీ, యూట్యూబ్‌లో ఉన్న పూర్తి సినిమా, ఒక బ్లాగు ఆధారాలుగా ఇచ్చాను. ఇంట్లో ఆ సినిమా పాటల పుస్తకం కూడా ఉంది. హీరో పెద్ద స్టార్. పేజీ నిలబడాలంటే ఇంకేం చేయాలండీ?

జవాబు: మీరు సినిమా పేరు రాశారు గానీ కావాలనే ఇక్కడ వేయడం లేదు. పేరు వేస్తే మన పాఠకులు అభిమానంతో ఆ చర్చలోకి వెళ్లి వరసగా ‘ఉంచండి’ అని రాస్తారు. దాన్ని అక్కడ కాన్వాసింగ్ అంటారు, నష్టం మీకే. చర్చ ముగించే అడ్మిన్ చేతులు లెక్కపెట్టరు. ఎవరు ఏ ఆధారం చూపించారు, ఏ నియమం ప్రకారం మాట్లాడారు అన్నదే చూస్తారు. చర్చ కనీసం 7 రోజులు నడుస్తుంది, తేలకపోతే పొడిగిస్తారు. కాబట్టి టెన్షన్ పడకుండా ఆధారాల పని మొదలుపెట్టండి.

నోటబిలిటీ అంటే పేజీకి తగినంత గుర్తింపు. అక్కడ తేల్చేది సినిమా బాగుందా లేదా అని కాదు. ఆ సినిమాతో ఏ సంబంధమూ లేనివాళ్లు, నమ్మదగిన చోట, దాని గురించి కాస్త వివరంగా రాశారా అన్నదే ప్రశ్న. పేరున్న విమర్శకుల పూర్తి సమీక్షలు రెండు దొరికితే చాలావరకు గట్టెక్కినట్టే. పాత సినిమాలకు ఇంకా కొన్ని దారులున్నాయి. విడుదలైన ఐదేళ్ల తర్వాత కూడా దాని మీద వ్యాసాలు రావడం, మళ్లీ విడుదల కావడం, ఫిలిం ఫెస్టివల్‌లో వేయడం, పెద్ద అవార్డు రావడం, జాతీయ ఆర్కైవ్ భద్రపరచడానికి ఎంపిక చేయడం వంటివి. బెంగాలీ దర్శకుడు ఋత్విక్ ఘటక్ తీసిన ‘నాగరిక్’ సంగతే చూడండి. 1952లో పూర్తయింది, ఆయన పోయాక 1977లో గానీ విడుదల కాలేదు. ఆ మధ్యకాలంలో దానికి సమీక్షలు వెతికితే ఏం దొరికేవి? ఇవాళ బెంగాలీ సినిమా చరిత్ర రాసేవాళ్లు దాన్ని వదిలి ముందుకు పోలేరు.

ఇప్పుడు మీ ఆధారాల సంగతి. ఐఎండీబీలో వివరాలు చాలావరకు వాడుకరులు చేర్చేవే, అక్కడ లెక్కలోకి రాదు. యూట్యూబ్ వీడియోతో సినిమా ఉందని తేలుతుంది, అంతే. హక్కులు లేనివాళ్లు ఎక్కించిన కాపీ అయితే ఆ లింకునే తీసేస్తారు, మీరే ముందు తీసేయండి. బ్లాగు రాసినాయన గుర్తింపు ఉన్న సినిమా చరిత్రకారుడు కాకపోతే అదీ చెల్లదు. పాటల పుస్తకం మాత్రం జాగ్రత్తగా దాచుకోండి. మన దగ్గర హాళ్ల బయట అమ్మినవాటిలాగే అందులోనూ తారాగణం, కథాసంగ్రహం, పాటలు ఉంటాయి. పేర్లు సరిచూసుకోవడానికి అంతకన్నా మంచి ఆధారం దొరకదు. కానీ అచ్చు వేయించింది నిర్మాతలే కాబట్టి స్వతంత్రంగా ఎవరో పట్టించుకున్నారనడానికి అది పనికిరాదు. పేపర్లో వేసిన ‘నేడే విడుదల’ ప్రకటనలదీ ఇదే పరిస్థితి.

హీరో పెద్దవాడైనంత మాత్రాన సినిమాకు పేజీ రాదు. అయితే ఆ నటుడి జీవితంలో అది ముఖ్యమైన మలుపైతే వాదించవచ్చు. ‘దృష్టిదాన్’ (1948) బెంగాలీ స్టార్ ఉత్తమ్‌కుమార్ సినిమాల్లో ముందుగా విడుదలైనది. ఆయన గురించి రాసే ఎవరైనా దాని దగ్గర ఆగాల్సిందే. మీ సినిమాకు అలాంటి స్థానం ఉందా? ఉంటే ఏ పుస్తకంలో, ఏ పేజీలో ఆ మాట ఉందో చూపించండి.

‘గూగుల్‌లో ఏమీ దొరకలేదు’ అన్న కారణాన్ని మాత్రం నేను అస్సలు ఒప్పుకోను. ఆధారం ఆన్‌లైన్‌లోనే ఉండాలని గానీ, ఇంగ్లీషులోనే ఉండాలని గానీ వికీపీడియా నియమం లేదు. తొలగింపు ప్రతిపాదించే ముందు తగినంత వెతకాలని వాళ్ల మార్గదర్శకాలే చెబుతున్నాయి. 1950ల నాటి బెంగాలీ సినిమా గురించి జనం రాసుకున్నది బెంగాలీలో, కాగితం మీద. దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి కొట్టి చూసి లేదనేయడం అన్యాయం. రేపు మన 1940ల తెలుగు సినిమాలకూ ఇదే గతి పడుతుంది. చర్చలో ఈ మాట మర్యాదగా చెప్పండి. కానీ చెప్పి ఊరుకుంటే సరిపోదు, వెతికి చూపించాలి.

ముందు బెంగాలీ లిపిలో వెతకండి. తర్వాత ఇంగ్లీషు స్పెల్లింగులన్నీ మార్చి మార్చి చూడండి. ఉత్తమ్‌కుమార్, సుచిత్రా సేన్ మొదటిసారి జంటగా కనిపించిన ‘సాడే చుయాత్తర్’ (1953) పేరులో ఒక అక్షరం మన డ, ర ల మధ్య పలుకుతుంది. ఇంగ్లీషులో కొందరు దానికి ‘డి’ పెడతారు, కొందరు ‘ఆర్’ పెడతారు. ఒక స్పెల్లింగుతో వెతికితే రెండోది రాకపోవచ్చు.

పేరుతో దొరకకపోతే తేదీ పట్టుకోండి. అప్పటి బెంగాలీ మాసపత్రికలు సంచిక మీద బంగాబ్దం (బెంగాలీ కేలండర్ సంవత్సరం) వేసేవి. ఇంగ్లీషు సంవత్సరంలో 593 తీసేస్తే అది వస్తుంది, జనవరి నుంచి ఏప్రిల్ మధ్య దాకా అయితే 594 తీసేయాలి. ఉదాహరణకు, బెంగాలీ సినిమా ‘అగ్నిపరీక్ష’ 1954 సెప్టెంబరు 3న విడుదలైంది. అంటే దాని సమీక్ష కోసం 1361 భాద్రమాసం, ఆ తర్వాతి నెలల సంచికలు తిప్పాలి. అంకెలతో ఇంకో తిప్పలుంది. బెంగాలీ 4 చూడ్డానికి ఇంగ్లీషు 8లా, బెంగాలీ 7 ఇంగ్లీషు 9లా ఉంటాయి. మీకు అలవాటే, మీ ఆధారాన్ని సరిచూసే ఎడిటర్‌కు కాదు. అందుకే సంచిక తేదీని రెండు కేలండర్లలోనూ, పేజీ నంబరును ఇంగ్లీషు అంకెల్లోనూ ఇవ్వండి. సమీక్షలోని రెండు మూడు వాక్యాలు బెంగాలీలో ఉన్నవి ఉన్నట్టు రాసి, కింద ఇంగ్లీషు అనువాదం చేర్చండి. బెంగాలీ రానివాళ్లు కూడా అప్పుడు కాదనలేరు.

ఎక్కడ వెతకాలంటే, బ్రిటిష్ లైబ్రరీ వారి ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్ కింద ‘జుగాంతర్’, ‘అమృత బజార్ పత్రిక’ అనే కలకత్తా దినపత్రికల పాత సంచికలను స్కాన్ చేశారు. పేజీల బొమ్మలే కాబట్టి విడుదలైన వారం సంచికలు ఓపిగ్గా తిప్పాలి. ఖరగ్‌పూర్ నుంచి హౌరా లోకల్ ఎక్కితే అలీపూర్‌లోని నేషనల్ లైబ్రరీకి పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరవచ్చు. ఆశిష్ రాజాధ్యక్ష, పాల్ విలెమెన్ కూర్చిన ‘ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ ఇండియన్ సినిమా’ (1994, సవరించిన ముద్రణ 1999) కూడా అక్కడ అడగండి. అందులో మీ సినిమాకు విడిగా ఒక పేరా ఉంటే సగం పని అయిపోయినట్టే. జాబితాలో పేరొక్కటే ఉంటే మాత్రం లాభం లేదు.

తెలుగువారిగా మీకు అందుబాటులో ఉన్న దారి ఇంకొకటుంది. ఆ రోజుల్లో బెంగాలీ కథలు మన దగ్గరికి చాలానే వచ్చాయి. ‘అగ్నిపరీక్ష’ మనకు 1959లో ‘మాంగల్యబలం’ అయింది, ‘సాగరిక’ (1956) కథతో 1962లో ‘ఆరాధన’ వచ్చింది. రీమేక్ అయినంత మాత్రాన పేజీ రాదు గానీ, తెలుగు సినిమా గురించి రాసినవాళ్లు మాతృక గురించి కూడా రాసి ఉంటారు. మీ సినిమా తెలుగులోకో, తమిళంలోకో, హిందీలోకో వెళ్లిందేమో చూడండి.

ఇంత చేసినా ఏమీ దొరకలేదనుకోండి, అప్పుడు పేజీని దర్శకుడి పేజీకి దారి మళ్లించమని మీరే అడగండి. మీరు రాసిన పాత కూర్పు ఆ పేజీ ‘చరిత్ర’ విభాగంలో భద్రంగా ఉంటుంది. రేపు సమీక్ష దొరికితే అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టవచ్చు. డ్రాఫ్ట్‌గా, అంటే ఇంకా ప్రచురించని చిత్తుప్రతిగా, మార్చమని కూడా కోరవచ్చు. అయితే 6 నెలలు ఎవరూ ముట్టుకోని డ్రాఫ్టును తొలగిస్తారు, గుర్తుంచుకోండి. పాత సినిమాల విషయంలో దొరకడానికి ఏళ్లు పడుతుంది. 1935 నాటి బెంగాలీ ‘దేవదాస్’ కాపీయే బంగ్లాదేశ్ ఆర్కైవ్ నుంచి పుణెలోని మన ఫిలిం ఆర్కైవ్‌కు 2015లో గానీ చేరలేదు.

ప్రశ్న: ఈ సినిమాకు సమీక్షలు ఎక్కడొచ్చాయని ఒక ఏఐ చాట్‌బాట్‌ని అడిగితే పత్రికల పేర్లు, తేదీలు, పేజీ నంబర్లతో సహా చెప్పింది. పెట్టేయవచ్చా?

జవాబు: మీ కళ్లతో ఆ పేజీ చూసేదాకా వద్దు. చాట్‌బాట్లు లేని వ్యాసాలను ఉన్నట్టే చెప్పేస్తాయి. తేదీ, పేజీ నంబరు కూడా ఉండేసరికి మనం నమ్మేస్తాం. ఉనికిలో లేని ఆధారాలతో, ఏఐ రాసింది మనిషి సరిచూడకుండా పెట్టిన పేజీలను చర్చ కూడా లేకుండా వెంటనే తొలగించవచ్చని ఇంగ్లీషు వికీపీడియా 2025లో నియమం తెచ్చింది. అలాంటి ఆధారం ఒక్కటి బయటపడినా మీరు కష్టపడి తెచ్చిన అసలైనవాటిని కూడా అనుమానిస్తారు. పత్రిక పేరు మాత్రం సూచనగా తీసుకుని లైబ్రరీలో అడగండి.

ప్రశ్న: పోస్టర్ ఫొటో వికీమీడియా కామన్స్‌లో (ఎవరైనా వాడుకోగల బొమ్మల భండారం) పెట్టవచ్చా? సినిమా వచ్చి 60 ఏళ్లు దాటింది కదా?

జవాబు: మన చట్టంలో సినిమాకు కాపీరైటు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. కానీ కామన్స్‌లో పెట్టాలంటే అమెరికాలో కూడా హక్కులు తీరిపోయి ఉండాలి. 1950ల సినిమాలకు అక్కడ ఇంకా తీరలేదు. కాబట్టి కామన్స్ వద్దు. పేజీ నిలబడితే, చిన్న సైజు పోస్టర్‌ను ఫెయిర్ యూజ్ (హక్కులున్న బొమ్మను పరిమితంగా వాడుకునే వెసులుబాటు) కారణం రాసి నేరుగా ఇంగ్లీషు వికీపీడియాలోకే ఎక్కించండి. డ్రాఫ్ట్ దశలో అలాంటి బొమ్మలు ఒప్పుకోరు, పెడితే తీసేస్తారు.