పీత పొట్టలో ముప్పై నాడీకణాలు

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. మండపీతల చెరువు చేస్తుంటాను. మా అబ్బాయి అమెరికాలో బోస్టన్ దగ్గర పిహెచ్‌డి చేస్తున్నాడు. మెదడు మీద పరిశోధన అని చెప్పి వెళ్లాడు. ఇప్పుడడిగితే పీత పొట్టలో నరాల మీద అంటున్నాడు. ఊళ్లో అడిగినవాళ్లకి ఏం చెప్పాలో తోచడం లేదు. పీత పొట్టకీ మనిషి మెదడుకీ సంబంధం ఏమిటండీ? దీనివల్ల ఏ రోగానికైనా మందు వస్తుందా?
– ఓ తండ్రి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మీవాడు చేస్తున్నది మెదడు పరిశోధనేనండీ, అందులో అనుమానం పెట్టుకోకండి. ఏళ్ల తరబడి డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పినదాన్ని. ఈ ప్రశ్న నాకు వచ్చినందుకు చాలా సంతోషం.

ఇంట్లో పీత డిప్ప ఊడదీసినప్పుడు కళ్ల వెనకాల చిన్న సంచి కనబడుతుంది చూడండి, కూరకు పనికిరాదని తీసి పారేస్తాం. అదే దాని పొట్ట. కోస్తే లోపల మూడు పళ్లుంటాయి: మధ్యన ఒకటి, అటూ ఇటూ చెరొకటి. తుంచి మింగిన తిండిని పీత ఇక్కడ నూరుకుంటుంది. ఆ పళ్లను ఆడించే కండరాలకూ, నూరిన తిండిని వడకట్టి కిందికి పంపే కండరాలకూ ఆజ్ఞలిచ్చే నాడీసంధి ఒకటి పొట్ట మీద ఉంటుంది. అందులో ఉన్నవి సుమారు 30 నాడీకణాలు. మనిషి మెదడులో దాదాపు 8,600 కోట్లు.

ఆ తక్కువే దీని గొప్పతనం. పీతను ఐసులో ఉంచి స్పర్శ పోయాక పొట్టను బయటికి తీసి, గిన్నెలో పరిచి పిన్నులు గుచ్చి, మైక్రోస్కోపు కింద నరాలను ఒక్కొక్కటిగా విడదీస్తారు. గంటల పని, చెయ్యి వణకకూడదు. నరం చుట్టూ వాజలీన్‌తో చిన్న గట్టు కట్టి, లోపల సన్నని తీగ పెడతారు. చల్లటి ఉప్పునీళ్లలో, ఒంటి నుంచి విడిపడిపోయి కూడా ఆ నాడీసంధి తన లయను గంటల తరబడి కొనసాగిస్తుంది. సెకనుకు ఇంచుమించు ఒక చుట్టు. ఒక జట్టు కణాలు ఆగగానే ఇంకో జట్టు, దాని తర్వాత మూడోది, మళ్లీ మొదటిది. తెర మీద గీతలుగా కనబడుతుంది. మనం ఊపిరి తీసే లయను నడిపేవీ మెదడు కాండంలోని ఇలాంటి నాడీ వలయాలే. వాటిని ఇంత దగ్గరగా, కణం కణం చొప్పున చూడటం చాలా కష్టం.

ఏ కణం దేనికి కలిసి ఉందో ఇక్కడ ముందే తెలుసు. పటం ఉంటే చాలదా అని మీకు అనిపించవచ్చు. 302 నాడీకణాలున్న ఒక చిన్న పురుగు పటం 1986లోనే వచ్చింది. 2024లో పండుఈగ మెదడు మొత్తం పటం వచ్చింది, 1,39,255 కణాలతో. రెండూ మహత్తరమైన పనులు. అయితే పటం ఒక్కటే చాలదని తేల్చి చెప్పింది ఈ పీతలే. బోస్టన్ పక్కనున్న బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో ఈవ్ మార్డర్ అనే శాస్త్రవేత్త దశాబ్దాలుగా వీటి మీదే పనిచేస్తున్నారు. అవే కణాలు, అవే కనెక్షన్లు. నీళ్లలో డోపమైన్ కలిపితే ఒక లయ, సెరటోనిన్ కలిపితే మరో లయ. పీత ఒంట్లో ఈ నాడీసంధి రక్తనాళం లోపలే ఉంటుంది, రక్తంలో వచ్చే ప్రతి హార్మోనూ నేరుగా దాన్ని తాకుతుంది. ఈ రెండు రసాయనాలూ మన మెదడులోనూ ఉన్నాయి. డోపమైన్ తయారుచేసే కణాలు చచ్చిపోతేనే పార్కిన్సన్స్‌లో చేతులు వణికేది, అడుగు తడబడేది.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించేది 2004లో వాళ్లు ప్రచురించిన ఫలితం. ఈ వలయానికి కంప్యూటర్‌లో రెండు కోట్లకు పైగా నమూనాలు చేశారు. కణాల గుణాలూ, కనెక్షన్ల బలాలూ మార్చి మార్చి చూశారు. లోపలి అంకెలు బొత్తిగా వేరుగా ఉన్న లక్షల నమూనాలు ఒకే మాదిరి లయ ఇచ్చాయి. అంటే, పైకి ఒకేలా ఆరోగ్యంగా ఉన్న రెండు ప్రాణుల లోపలి అమరిక ఒకటే అయి ఉండనక్కర్లేదు. అంతకుముందు 2002లో, ఒకేలా పనిచేసే నమూనా కణాల విలువలకు సగటు తీసి కొత్త కణం చేస్తే అది వాటిలా పనిచేయలేదు! ఒకే జబ్బుకు ఒకే మందు ఇస్తే ఒకరికి గుణం కనిపించి ఇంకొకరికి ఎందుకు కనిపించదు అనే ప్రశ్నను నేనైతే ఇక్కణ్నుంచే మొదలుపెడతాను.

ఇక మందు సంగతి. పీత పొట్ట నుంచి నేరుగా మాత్ర రాదు, వస్తుందని మీతో చెప్పను. కానీ నరంలో కరెంటు ఎలా పుడుతుందో 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ తేల్చింది స్క్విడ్ అనే సముద్ర జీవి నరం మీద. పన్ను పీకేముందు వేసే మత్తు సూది నరాన్ని ఎలా ఆపుతుందో అర్థమైంది ఆ దారిలోనే. ఊళ్లో అడిగితే, ఒంట్లో భాగాలు మారుతున్నా నరాలు లయ తప్పకుండా ఎలా ఉంటాయో మావాడు చూస్తున్నాడని చెప్పండి. అది పూర్తిగా నిజం.

మీతో నాకూ ఒక పని ఉంది. అక్కడి పీతల లయను 7 నుంచి 23 డిగ్రీల దాకా వేడి పెంచుతూ చూశారు. వేగం దాదాపు నాలుగు రెట్లయింది, కణాల వరస మాత్రం తప్పలేదు. ఇంకా పెంచితే చెదిరిపోయింది, అదీ ఒక్కో పీతలో ఒక్కో తీరుగా. మళ్లీ చల్లబరిస్తే కోలుకుంది. అవి చల్లటి అట్లాంటిక్ నీళ్ల పీతలు. మీ మండపీతలు మే నెల ఎండలో కూడా మేత తింటాయి. నీళ్లు ఏ వేడికి వచ్చినప్పుడు మేత ముట్టడం మానేస్తాయో, అన్నీ ఒకేసారి మానేస్తాయో లేదో మీకు తెలిసినంతగా మాకు తెలియదు. ఈసారి ఫోన్ చేసినప్పుడు ఆ సంగతి మీ అబ్బాయితో చెప్పి చూడండి. వాడు ఏమన్నాడో నాకు రాయండి, ఈ శీర్షికలోనే వేద్దాం.