కోర్సుల వారీగా డిన్నర్, చేసేది మాత్రం ఒక్క మనిషి

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. అమ్మాయికి సంబంధం కుదిరింది. వచ్చే నెల హైదరాబాద్ నుంచి వియ్యాలవారు రాత్రి భోజనానికి వస్తున్నారు, మాతో కలిపి ఎనిమిది మందిమి. సూపు, స్టార్టర్, చేప, మెయిన్ కోర్సు, స్వీటు, ఇలా ఒకదాని తర్వాత ఒకటి వడ్డించాలని అమ్మాయి పట్టు. అన్నీ ఒకేసారి వడ్డించేయక ఈ వేషాలేంటని మా అత్తగారు. వంటమనిషి లేదు, చేయాల్సింది నేనే. టెన్షన్‌గా ఉంది, ఏదైనా దారి చెప్పండి.

జవాబు: ముందు మీ అత్తగారి సంగతి. మనదీ వరస భోజనమేనని ఆవిడకి గుర్తు చేయండి. పప్పు, నెయ్యి, కూర, పచ్చడి, పులుసు, చారు, పెరుగు... పెరుగు తిన్నాక మళ్లీ పప్పు అడిగితే ఆవిడే నవ్వుతారు. ఆ మాటకొస్తే యూరప్ విందుల్లోనూ ఒకప్పుడు వంటకాలు చాలావరకు ఒకేసారి బల్లనిండా పరిచేవాళ్లు, ఒక్కొక్కటే తెచ్చి పెట్టే పద్ధతి రష్యా తీరు అనే పేరుతో 19వ శతాబ్దంలో గానీ పాతుకోలేదు.

ఇక అసలు చిక్కు మీరు. వాళ్లు బల్ల దగ్గర, మీరు పొయ్యి దగ్గర ఉండిపోతే వియ్యపురాలితో మాట్లాడేదెప్పుడు? అందుకే వాళ్లు కూర్చున్నాక కొత్తగా వండాల్సింది ఏదీ లేకుండా చూసుకోండి. సూపు బదులు పలచని టొమాటో మిరియాల చారు, చిన్న కప్పుల్లో సగానికి, పొద్దున్నే చేసి వేడి చేసుకుంటే చాలు. గారెలో రొయ్యల వేపుడో అయితే అందరూ ఇంకా హాల్లో కబుర్లలో ఉండగానే వేయించి చేతికిచ్చేయండి, దానికి వేరే ప్లేట్లు, వరస అక్కర్లేదు. చేపకి కొరమీను పులుసు పెట్టండి, ముళ్లు తక్కువ, పైగా ముందురోజు వండిందే రుచి, మనిషికి ఒక ముక్క, రెండు ముద్దల అన్నం, అంతే. మెయిన్ కోర్సుకి పులావు, కోడికూర, పక్కన మీగడ వేసిన ఉలవచారు. కారం సంగతి గుర్తుంచుకోండి, మన గుంటూరు చెయ్యి చేపల పులుసులోనే చూపించేస్తే వాళ్ల నాలుకకి ఇక కోడికూర రుచి తెలియదు, కమ్మనివి ముందు, ఘాటువి తర్వాత. ఒక్కో వాయికీ మధ్య పది, పదిహేను నిమిషాలు ఆగొచ్చు, కొసరి కొసరి వడ్డించే మన అలవాటు మాత్రం ఆ ఒక్కరోజుకి మానాలి, లేకపోతే పులావు వచ్చేసరికి అందరూ చేతులెత్తేస్తారు.

స్వీటుకి ముందు చిన్న గిన్నెలో పెరుగన్నం, మాగాయ ముక్క తప్పకుండా పెట్టండి. ఏ ఇంగ్లీషు మెనూలోనూ ఉండదు, నిజమే, కానీ పెరుగు లేకుండా లేచిన మనవాళ్లకి భోంచేసినట్టే ఉండదు. స్వీటు ఇంట్లో చేయకండి, బందరు లడ్డు తెప్పించండి చాలు.

ఎనిమిది మందికి వాయికో ప్లేటు చొప్పున ఎంత లేదన్నా ముప్పై పైనే కావాలి. పక్కింట్లో అడిగి తెచ్చుకోండి, ఎంగిలివి వేయడానికి వెనకాల పెద్ద టబ్బు పెట్టండి, తోమడం మర్నాటి సంగతి. ఫోర్కు ఎడమవైపు, కత్తి కుడివైపు, వరసలో బయటివి ముందు వాడతారు. అన్నం దగ్గరికొచ్చేసరికి అందరూ చేత్తోనే తింటారు కాబట్టి గోరువెచ్చని నీళ్లలో నిమ్మచెక్క వేసి గిన్నెలు అందిస్తే సరిపోతుంది.

ఇంకొకటి, వాళ్లు శనివారం, సోమవారం నీసు తింటారో లేదో ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కోండి. కార్తీకమాసం పడుతుందేమో కూడా క్యాలెండర్ చూడండి, అప్పుడైతే పైన చెప్పిన మెనూ సగం మార్చాల్సిందే.

ప్రశ్న: అరిటాకులో వడ్డించేటప్పుడు కొస ఎటువైపు ఉండాలి? ప్రతిసారీ ఇంట్లో ఇదే గొడవ. (విజయవాడ)

జవాబు: తినేవాళ్ల ఎడమచేతి వైపు. వెడల్పుగా ఉండే భాగం అన్నం కలుపుకునే కుడిచేతి వైపుకి వస్తుంది.